ఆయ్ అనని రేచల్ టీచరు

పి.గన్నవరం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పే రేచల్ టీచరు గొంతు పెంచగా ఎవరూ వినలేదు. వరి కోతలకు వెళ్లి పిల్లల్ని చదివించిన నాయనమ్మ ఆమెకు నేర్పింది ఒక్కటే: పెద్దవాళ్లు ఏమన్నా ‘ఆయ్’ అనాలి, ఆ తరవాత మన పని మనం చూసుకోవాలి. ఆ ఒక్క ముక్కతోనే ఆమె బీఈడీ చేసింది, ఉద్యోగం తెచ్చుకుంది, ఎంతమంది హెడ్మాస్టర్ల దగ్గరో నెగ్గుకొచ్చింది.

తొమ్మిదో తరగతి అక్షయ ఒకరోజు బోర్డు మీద రాసింది: ‘రేపు సాంబారులో గడ్డిమందు కలుపుతాను. అందరూ చావండి.’ ఊరు భగ్గుమంది. పోలీసులకు అప్పగించమన్నారు, టీసీ ఇచ్చి బళ్లోంచి తరిమెయ్యమన్నారు. ఎందుకు రాసిందని ఒక్క మహానుభావుడూ అడగలేదు. కిందటి వేసవిలో ఆ పిల్ల తల్లి గడ్డిమందు తాగి చనిపోయింది. అప్పటినుంచీ బళ్లో మధ్యాహ్న భోజనాల దగ్గర పక్క పిల్లలు అక్షయ కంచం వాసన చూసి ముక్కు మూసుకుని నవ్వేవారు. ఆ నవ్వుకు టీసీలు లేవు మరి!

పిల్లను మానసిక వైద్యం చేసే డాక్టరుకు చూపిస్తానని, ఏడిపించినవాళ్లతో తనే మాట్లాడతానని, అందాకా ఏ కాగితమూ రాయొద్దని రేచల్ హెడ్మాస్టరు శ్రీరాములు గారిని అడిగింది. “ఆయ్, అలాగేనండి టీచరుగారూ” అన్నారాయన. ఆమె నమ్మింది. జన్మంతా ఆయ్ అని తన పని తాను చూసుకున్న మనిషికి, ఎదుటివాడూ అదే చేస్తాడని తట్టకపోవడం ఎంత తెలివితక్కువ!

అమలాపురం ఆసుపత్రిలో అక్షయ మొదటిసారి తల్లి గురించి మాట్లాడి ఏడ్చింది. వారం వారం తీసుకురమ్మని, బడి మాత్రం మాన్పించొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తిరిగొచ్చేసరికి తండ్రి సత్తియ్య టీసీ పట్టుకుని గేటు దగ్గర తల వంచుకు నుంచున్నాడు.

రేచల్‌కి ఒళ్లు మండిపోయింది. టీసీ తీసుకుని స్టాఫ్ రూములోకి నడిచింది. శ్రీరాములు గారు కుర్చీ జరిపి కూర్చోమన్నారు. ఊరి గొడవ సద్దుమణిగాక చూద్దామన్నారు. టీచర్లంతా తలలూపారు.

“మీరు చూడరండి. వాళ్లమ్మ పోయినప్పుడు ఈ గదిలోనే మనందరం అయ్యో అనుకుని టీ తాగేం. పిల్లని పిలిచి ఒక్క మాట అడిగేమా? ఇప్పుడు మీకు భయమేసిందని, ఆ మందు డబ్బా ఉన్న ఇంట్లోకే గెంటేస్తారా?”

“నెమ్మదిగా మాట్లాడుకుందామండి, టీచరుగారూ.”

ఈసారి ఆమె ఆయ్ అనలేదు. టీసీని ముక్కలు చేసి బల్లమీద పెట్టింది.

భోజనం గంట కొట్టారు. రేచల్ అక్షయను వరండాలో వరస మధ్యన కూర్చోబెట్టి, పక్కనే తానూ నేలమీద చతికిలబడింది. పిల్ల కంచంలోంచే సాంబారన్నం ముద్ద కలిపి, అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుంది.