ప్రళయఘోష గిరిబాబు తెల్లరంగు

కావలి ప్రాంతపు సంగీత చరిత్రను రెండు యుగాలుగా విభజించక తప్పదు: బోగోలు గిరిబాబు మొహానికి తెల్లరంగు పూసుకోక మునుపు, పూసుకున్న తరువాత. నాటకాల వాళ్లు వాడే మామూలు రంగే. కానీ ‘ప్రళయఘోష’ అనే హెవీ మెటల్ బృందానికి గాయకుడైన గిరిబాబు దాన్ని రాజ్యాంగం చేశాడు. బృందంలోని నలుగురూ రంగు లేకుండా జనం కంట పడరాదు. సవరణలకు తావులేదు.

డ్రమ్ములు వాయించే నవీద్ ఈ శాసనానికి పన్నెండేళ్లు సాక్షి. కొడవలూరులో గిరిబాబు దున్నపోతునెక్కి వేదిక మీదికొచ్చి పాడాడు. మర్నాటి నుంచి ఊళ్లో గేదెలు పాలు ఎగ్గొట్టాయని అర్జీ వెళ్లింది. ఎస్సై నలుగుర్నీ పిలిపించాడు.

"మీలో గిరిబాబు ఎవురయ్యా?"

"నేనే సార్."

"మొహం కడుక్కోనిరా, మాట్లాడదాం."

"కడిగితే గిరిబాబు ఉండడు సార్."

ఎస్సై అర్జీ మడిచి పక్కన పెట్టి, గేదెలనే సర్దుకుపొమ్మన్నాడు.

పెళ్లికీ అదే రంగు. మామగారు కామాక్షయ్య పీటల దగ్గర వంగి చూసి, "అల్లుడు బతికే ఉండాడా స్వామీ?" అని పురోహితుణ్ణి అడిగాడు. పెళ్లికూతురు సుప్రియ నవ్వాపుకోలేక తలంబ్రాలు ఒలకబోసింది.

ఆఖరికి ఒక టీవీ పోటీ నుంచి పిలుపొచ్చింది. రంగులు లేకుండా రమ్మన్నారు. ఎవరూ నోరు తెరవకముందే గిరిబాబు కుదరదనేశాడు. ప్రళయఘోష అంతటితో సరి.

"నీ పిచ్చికి మా బతుకులు బుగ్గి చేసినావు గదరా!" అని అందరితోపాటు నవీదూ అరిచాడు. అరుస్తూనే లోపల హమ్మయ్య అనుకున్నాడు. ఆ సంగతి ఒప్పుకుని క్షమించమని అడగాలని రెండేళ్లు అనుకుంటూనే ఉన్నాడు. ఈలోగా, రొయ్యల గుంట దగ్గర మోటారు బాగుచేస్తూ కరెంటు కొట్టి గిరిబాబు పోయాడని కబురొచ్చింది.

నవీద్ మూతికి రుమాలు కట్టుకుని, రంగు డబ్బా పట్టుకుని వెళ్లాడు.

"సుప్రియమ్మా, ఒక్కసారి పూస్తా. రంగు లేకుండా వాణ్ణి ఎట్టా పంపేది?"

సుప్రియ చెయ్యి అడ్డం పెట్టింది. "వొద్దన్నా. ఆయనకది పడదు. పూసుకున్నప్పుడల్లా మొహం దద్దుర్లెక్కి, కొబ్బరినూనె రాసుకోని పడుకునేవాడు."

"పడకపోతే పన్నెండేళ్లు ఎందుకు పూసినాడు?"

ఆమె అతని రుమాలు వంక చూసింది. "నీ మూతికాడ బొల్లి మచ్చ లేచినప్పుడు స్టేజీ ఎక్కనని ఏడ్చినావంట గదా. ‘నవీద్ ఒక్కడికే పూస్తే నొచ్చుకుంటాడు, అందరం పూసుకుందాం’ అనుకున్నాడంట. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు."

నవీద్ డబ్బా మూత బిగించాడు. రుమాలు విప్పేశాడు. మిట్టమధ్యాహ్నం, ఉత్త మొహంతో, బోగోలు బజారు గుండా పాడె మోశాడు.

తిరిగి వస్తుంటే చేపలమ్మే వెంకటశేషమ్మ ఆపి, అతని మొహంలోకి తేరిపార చూసింది. నవీద్ చెయ్యి జేబులోని రుమాలు మీదికి పోయింది.

"చిక్కిపోయినావు నాయనా," అన్నదామె. "అన్నం తింటా ఉండావా లేదా?"