బోర్డు మీద తప్పు

లెక్కల మాస్టారికి ఇరవై రెండేళ్లుగా ఒక అలవాటు. పీరియడ్‌కి ఒకసారి, కావాలనే, బోర్డు మీద ఒక తప్పు వేసేవారు. సమానం గుర్తుకు అవతలికి పంపిన అంకెకు ప్లస్సును మైనస్సు చెయ్యకుండా వదిలేసి, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ నిలబడేవారు. పూర్వం నిమిషం తిరక్కుండా ఎవరో ఒకరు లేచేవారు. పట్టుకున్నవాడు ఆ వారమంతా కాలరెగరేసుకు తిరిగేవాడు. పాఠం ఎవరి చెవికెక్కిందో తెలుసుకోవడానికి ఆయనకున్న కొలబద్ద అదొక్కటే.

ఫోన్లు వచ్చాక పిల్లలు రాసుకోవడం మానేశారు. గంట కొట్టేముందు బోర్డుకు ఫొటో తీసుకుని పోయేవారు, తప్పుతో సహా. మర్నాడు ఆయనే సరిదిద్దేవారు. దానికి మాత్రం ఎవరూ ఫొటో తియ్యలేదు.

మొన్న అలాంటి ఫొటో ఒకటి, తప్పు చుట్టూ ఎర్రటి సున్నాతో, తరగతి గ్రూపులోకీ, అక్కణ్ణుంచి తల్లిదండ్రుల గ్రూపులోకీ పోయి, ప్రిన్సిపాల్ మేడం దాకా వచ్చింది. కావాలనే వేశానని మాస్టారు చెప్పుకున్నారు. దొరికిపోయాక అందరూ చెప్పేది అదేనంది మేడం. ఆఖరి ఏడాది చదువుతున్న ఆ తరగతికి ఆయన ఉండాలా, వీడియో పాఠాలు పెట్టాలా అన్నది పిల్లలే తేలుస్తారని గ్రూపులో ఓటింగు పెట్టించింది.

ఫొటో పెట్టింది ముందు బెంచీ అమ్మాయి. మాస్టారు వరండాలో ఆపారు.

"ఎప్పుడు పట్టుకున్నావమ్మా?"

"మీరు వేసినప్పుడే సార్."

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "మరి లేచి చెప్పొచ్చుగా?"

"అందరి ముందూ ఎలా సార్? మీ పరువు పోదూ?"

గ్రూపులో ఎంతమంది ఉన్నారని ఆయన అడగలేదు. తప్పు వేసింది ఇలా పట్టుకోవడానికేనని మేడంతో ఒక్కమాట చెప్పమన్నారు. అలా వెళ్తే తనను చెంచా అంటారంది ఆ పిల్ల.

"ఓటు మాత్రం మీకే వేశాను సార్" అంటూ ఫోను చూపించింది. వీడియోకి నలభై ఒకటి, మాస్టారికి ఆరు.

"మిగతావాళ్ళు?"

"చూశారు సార్. ఏదీ నొక్కలేదు."

సోమవారం ఆ గదిలో తెర దించారు. మాస్టారికి హాజరు తీసుకునే పని మిగిలింది. తెర మీది మనిషి ఎక్కడా తడబడడు, తప్పు వెయ్యడు, ఎవరి మొహమూ చూడడు. పావుగంటకల్లా సగంమంది తలలు వంచి ఒళ్లోని ఫోన్లలో మునిగారు. ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో తెలిసే దారి లేదు. మాస్టారు వెనక బెంచీలో కూర్చుని, గంట కొట్టేదాకా వాళ్ళ వీపుల వంక చూశారు.