మందు తగలని ఈగలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది ఎండాకాలం. కడపలో నాది పెస్ట్ కంట్రోల్ పని, అంటే ఇళ్ళలో బొద్దింకలకు, చెదలకు మందు కొట్టడం. మా వీధిలో నన్ను పురుగుల మందోడంటారు. అననీ, నాకేం? ఏ ఇంటికి పోయినా ఒకటే ప్రశ్న: "అన్నీ చస్తాయా?"

ఆ రోజు ఒక కిరాణా శెట్టిగారిల్లు. వంటింట్లో బొద్దింకలని పిలిచింది ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ. శెట్టిగారికి గుండె ఆపరేషనైంది, అంగడికి పోవద్దన్నారట. నేను పంపు భుజానికెత్తుకుంటుంటే ఆయన పక్కకు పిలిచి, మంచం దగ్గరున్న పిప్పరమెంట్ల సీసా చూపించారు. మూతకు సన్న రంధ్రాలు, లోపల గోటంత సాలీడు. వల కట్టి కాచుకునే రకం కాదు, ఎగిరి దూకి ఈగను పట్టే రకం. నేను వంగగానే గిరుక్కున తిరిగి నా మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో నన్ను చూసి పారిపోని పురుగు అదొక్కటే!

"దీని పేరు రాణి. దీనికేం కాకూడదప్పా," అన్నారు.

మామూలుగా చేపల తొట్టి, చిలకల పంజరం ఉంటే ఇంటి బయట పెట్టమంటాం. ఆ ఎండకు గాజుసీసాలో రాణి వేగిపోతుంది. అందుకే పక్కింటి వరండాలో నీడన పెట్టించాను. "సాయంత్రం తెచ్చుకోండి. కానీ కొన్నాళ్ళు ఈ ఇంట్లో పట్టిన ఈగను వేయొద్దు. మందు తగిలిన ఈగను తింటే ఇదీ పోతుంది," అన్నాను.

"మరేం పెట్టాలప్పా? నేను గడప దాటకూడదే!"

"బయటెక్కడైనా పట్టించి తెప్పించుకోండి," అన్నాను. గుమ్మంలో నిలబడి అంతా విన్న సుబ్బలక్ష్మమ్మ, "బాగుండాది సంబడం! పురుగులు పోవాలని నేను పిలిస్తే, ఈయన పురుగును సాకుతాండాడు," అంటూ విసవిసా లోపలికి పోయింది.

ఆ వారంలోనే ఆమె దగ్గర్నుంచి ఫోన్. బొద్దింకలు మళ్ళీ వచ్చాయేమో, తిట్లు తప్పవనుకున్నాను.

"ఏమప్పా, మందు తగలని ఈగలు యాడ దొరుకుతాయి?" అంది మెల్లగా. "దినామూ బెల్లం అంగడి కాడ పట్టుకొస్తాండా. ఈ పొద్దు మూసినారు."

"మీరా తల్లీ, ఈగలు పడుతున్నారా!" నవ్వాపుకోలేకపోయాను.

"నవ్వద్దప్పా. ఆపరేషనైనప్పట్నుంచి ఆయనకు చచ్చిపోతాననే దిగులు. నాతో కూడా సరిగా మాట్లాడ్డు. ఆ సీసా కాడ మాత్రం నవ్వుతాండాడు. అది బతకాల."

నా నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రం చెరకురసం బండి దగ్గర నిలబడి, చంపడమే తెలిసిన ఈ చేతులతో, ఈగలను ప్రాణం పోకుండా పట్టాను. అబ్బ, ఎంత కష్టమో! తీసుకుపోయి వదలగానే రాణి ఒక్క దూకు దూకింది. శెట్టిగారు పకపకా నవ్వారు.

అప్పట్నుంచి ఏ ఇంటికి పోయినా, పంపు తెరవకముందే నేనే అడుగుతున్నాను: "ఈ ఇంట్లో బతకాల్సినవేమున్నాయి?"