ఎలకలు కొరికిన ఫిజీ మొగలి సంచి

1924 వానాకాలం. రంగూన్‌లో బోటాటౌంగ్ రేవు పక్క వీధిలో నాకు చాపల కొట్టు ఉండేది. మాది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు. మొగలి ఆకు ముళ్ళు తీసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, సన్నటి పాయలుగా చీల్చడం పదేళ్ళప్పుడే నా చేతికొచ్చింది. బర్మా వాళ్ళు కూడా నా చాప ఓసారి తడిమి చూసి, బేరమాడకుండా పట్టుకెళ్ళేవారు. ఈ సంగతి చెప్పుకోడానికి నాకేం సిగ్గులేదు.

ఓ మధ్యాహ్నం నరసమ్మ అనే ఆవిడ తడుస్తూ వచ్చింది. మొగుడూ తనూ ఫిజీ చెరకుతోటల్లో పనిచేసి, తిరిగొచ్చి, ఈ రేవు పనిలో చేరినవాళ్ళు. చెంగు కింద నుంచి ఓ సంచి తీసింది. అదీ మొగలి ఆకే. కానీ అలాంటి అల్లిక నేనెక్కడా చూళ్ళేదు. అడుగున కుట్టు లేదు, పక్కల అతుకు లేదు. ఓ మూల మాత్రం ఎలకలు కొరికేసి అరచేయంత కన్నం.

"ఎవులు అల్లేరే దీన్ని?"

"మా పక్కింటావిడక్కా, ఆ దేశపు మనిషే. నాకు పురుడోసింది. ఓడెక్కిన్నాడు చేతిలో పెట్టింది. ఆవిడది నా కాడ ఇదొక్కటే ఉంది. బాగవుద్దా?"

"మొగలి ఆకు నా మాట వినకపోద్దేటి? రేపు రా."

మా చాపల్లో పాయలు నిలువూ అడ్డమే. చినిగినదాన్ని లాగేసి కొత్తది దూరిస్తే సరి. ఆ అలవాటుకొద్దీ ఇక్కడా మూడు పాయలు లాగేశాను. అంతే, సంచి మూతిదాకా వదులైపోయింది! చప్పున చెయ్యి ఆపేశాను. అప్పుడు చూశాను: ప్రతి పాయా అడుగున బయల్దేరి, ఏటవాలుగా చుట్టూ తిరిగి మూతికెక్కుతోంది. ఒకటి లాగితే దాన్ని పట్టుకున్నవన్నీ సడలుతాయి.

మర్నాడు నరసమ్మకి ఏదీ దాచలేదు. "తప్పు చేసేనే. చూసుకోకుండా లాగేసేను."

ఆమె ముఖం పాలిపోయింది. బల్ల మీద కూలబడి, సంచి ఒళ్ళోకి తీసుకుని అంది: "ఆవిడ లాగేది కాదక్కా. చినిగింది ఉండగానే దాని ఎంబడే కొత్తది నడిపించేది. నేనెన్నిసార్లు చూసేనో."

"ఆ ముక్క నిన్ననే చెప్పి ఏడవకపోయేవా!" అని కసిరాను. తప్పు నాదే, నోరు మాత్రం ఊరుకుంటేగా.

నాలుగు రోజులు ఇంకో పని ముట్టలేదు. కొత్త పాయల్ని ఆల్చిప్పతో గీకి గీకి మెత్తబరిచాను. లాగిన మూడింటినీ వాటి దారినే వెనక్కి పంపాను. కొరికిన ప్రతిదాని పక్కనా కొత్తది నడిపించి, కొసలు లోపలికి దోపేశాను.

అయిదోనాడు నరసమ్మ వచ్చి, సంచిని వెలుతురుకి పట్టి, తిప్పి తిప్పి, వేళ్ళతో తడిమింది. "ఎక్కడేసేవో అగుపడ్డం లేదక్కా!" అంటూ బావురుమంది. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆ తర్వాత ఎవరి పని నా చేతికొచ్చినా, అది ఎక్కడ మొదలైందో తెలుసుకోందే ఒక్క పాయ లాగలేదు. ఆ ఫిజీ ఆవిణ్ణి నేనెన్నడూ చూడలేదు, ఇక చూడను కూడా. కానీ ఆవిడ చేతి పక్కన నా చెయ్యి తేలిపోలేదు.