గేటు ముందు పది మంది

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నాకు దేవరకొండ అవతల ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఉద్యోగం దొరికింది. చుట్టూ కందిచేన్లు, రాళ్ల గుట్టలు. కంచె లోపల గుయ్యిమనే ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక గది, నేను. గంటకోసారి మీటర్లు చూసి రిజిస్టర్‌లో రాయాలి. మిగతా సమయమంతా ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

మొదట్లో ఫోనన్నా మోగేది. "సారూ, త్రీఫేజ్ ఎప్పుడిస్తవ్? వరి ఎండిపోతాంది" అని రైతులు గొంతు చించుకునేవాళ్లు. తిట్టినా మనిషి గొంతే కదా. తర్వాత ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. ఊళ్లన్నీ సంబరపడ్డాయి, నేనూ పడ్డాను. నెల తిరక్కుండానే నా ఫోన్ మూగబోయింది. కరెంటు ఉన్నప్పుడు కరెంటోణ్ని ఎవరు తలుచుకుంటారు?

అప్పుడే ఒక ఫ్రాన్స్ రాక్ బ్యాండు నాకు దిక్కయింది. నల్లగొండలో డిప్లొమా చదివే రోజుల్లో ఒక మొబైల్ షాపతను నా మెమొరీ కార్డులో సినిమా పాటల మధ్య ఎలాగో వాళ్ల పాట ఒకటి ఎక్కించాడు. మొదటిసారి విని కార్డు చెడిపోయిందనుకున్నాను. రెండోసారి భయమేసింది. మూడోసారికి వదల్లేకపోయాను. లోపలి బాధను మర్యాదగా కాకుండా అరిచి చెప్పేవాళ్లు ఉంటారని అప్పటిదాకా నాకు తెలియదు.

వాళ్ల పేరు చెప్పను, చెప్పినా మీరు విని ఉండరు. నలుగురు కుర్రాళ్లు, చిన్న ఊరు, ఊరి చివర ఒక రేకుల షెడ్డు. వాళ్ల దేశంలో అలాంటి పాట అంతకుముందు ఎవరూ పాడలేదు. మొదటి క్యాసెట్లు వాళ్లే నింపి వాళ్లే పంచారు. పాడుతుంటే జనం లేచి పోయేవారట. వెనక వచ్చినవాళ్లు అదే దారిలో నడిచి పేరు తెచ్చుకున్నారు. చెట్టు పెట్టిందొకరు, కాయ తిన్నదొకరు. మధ్యలో గిటారతను అలిగి వెళ్లిపోయాడు, ఏళ్ల తరబడి మాటల్లేవు, చివరికి మళ్లీ కలిశారు. ఇదంతా ఇంటర్నెట్‌లో ఏరుకుని, మా మేనమామల పంచాయితీల్లా గుర్తుపెట్టుకున్నాను. చెప్పుకుందామంటే మాత్రం ఒక్క మనిషి లేడు.

ఒకసారి వాళ్ల పాట నడుస్తుండగా లైన్‌మన్ గదిలోకి ఉరికొచ్చాడు. "ఏంది సారూ, ఏమన్న కాలుతాందా?" అన్నాడు. సిగ్గుతో ఫోన్ ఆపేశాను. ఆనాటి నుంచి గేటు కిర్రుమంటే చాలు, పాట ఆపేసేవాణ్ని.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఆ బ్యాండు డ్రమ్మరుకు మెయిల్ రాశాను. నాకొచ్చిన ఇంగ్లీషులో పొగిడాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఒక్కణ్నే వింటానని రాయడానికి చెయ్యి రాలేదు. మేం పది మందిమి, రోజూ కలిసి కూర్చుని వింటామని రాశాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది. పది మందీ కలిసి దిగిన ఫోటో పంపమన్నాడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికించడానికి నా దగ్గర మనుషులేరీ? ఆ వారమే ఒక బోరు బావుల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, దాన్ని ట్రాక్టర్ మీద వేసుకుని ఏడుగురు రైతులు నా మీద కొట్లాటకొచ్చారు. లైన్‌మన్, వాచ్‌మన్ ఉన్నారు. నీళ్ల కోసం మా నల్లా దగ్గరికొచ్చే గొర్లకాపరి తాత కూడా ఉన్నాడు. కొట్లాట సద్దుమణిగాక అందరినీ గేటు ముందు నిలబెట్టాను.

"ఫోటో ఎందుకు సారూ?"

"ఫ్రాన్స్‌ల మా దోస్తులకు పంపాలె."

"నీకు దోస్తులు గూడ ఉన్నరా?" అన్నాడు ఒక రైతు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు మీదే ఫోన్ నొక్కాను.

ఫోటోతో పాటు సబ్‌స్టేషన్ అడ్రసూ రాసి పంపాను.

నిరుడు పోస్టులో ఆ బ్యాండు నుంచి ఒక సీడీ వచ్చింది. ఇదే ఆఖరిది, ఇక చాలిస్తున్నామని పై అట్ట మీదే రాసి ఉంది. పెట్టుకుని వినడానికి నా దగ్గర ప్లేయర్ లేదు. లోపలున్న చిన్న పుస్తకం తిరగేశాను. చివరి పేజీలో మా సబ్‌స్టేషన్ గేటు! దాని ముందు నవ్వుతూ పది మంది. ఫోటో కింద "దూరాన కూర్చుని మమ్మల్ని విన్న ఈ పది మందికి కృతజ్ఞతలు" అని ఒక వాక్యం. విన్నవాడు ఒక్కడే, వాడు ఆ ఫోటోలో లేడు. ఏడ్చాను, దాచడమెందుకు.

మర్నాడు గొర్లకాపరి తాత నీళ్లకొస్తే పుస్తకం చూపించాను. రుమాలుతో కళ్లు తుడుచుకుని తనను తాను వెతుక్కున్నాడు. "ఫోటోల మంచిగనే వడ్డ" అని మురిసిపోయాడు. మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టుకుంటూ పోయాడు.

"గిండ్ల నువ్వేడున్నవ్ సారూ?"

"తీసింది నేనే గద తాతా."

"మరి మమ్ములనెందుకేసిండ్రు? మేమేం జేసినం?"

తప్పలేదు, ఉన్నదంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"పది మందిమి ఇంటున్నమని రాస్తివి. ఒక్కనాడన్న జర ఇను తాతా అనకపోతివి" అన్నాడు.

గబగబా ఫోన్ తీసి పాట వెతికేలోపు గొర్రెలు రోడ్డెక్కాయి. లారీ వస్తోందని తాత కర్ర ఎత్తుకుని వాటి వెనక ఉరికాడు. పాట మొదలైంది. కాసేపటికి గేటు కిర్రుమంది. ఆ రోజు మాత్రం ఆపలేదు, ఇంకాస్త పెంచి బయటికొచ్చి చూశాను. ఎవరూ లేరు, గాలికి కదిలింది.