తేలిక చేసిన ఝట్కా మిషన్

కుమారస్వామికి చేతులు ఊరికె ఉంటే పిచ్చి లేస్తది. ముప్పై నాలుగేండ్లు బొగ్గుబాయిల ఎలక్ట్రీషియన్‌గ చేసిన మనిషాయె. రిటైరై ఇల్లందు దగ్గర ఇల్లు కట్టుకున్నంక మొదటి నెలల్నే మంచిగున్న మిక్సీని రెండుసార్లు విప్పిండు. మూడోసారి విప్పబోతుంటే భార్య శోభారాణి గరిటె పట్టుకొని అడ్డం నిలబడ్డది.

"దానికేమైందయ్యా? పనిలేకపోతే బయటికి పోయి చెడిపోయినయేమన్న దేవులాడుకో!"

దేవులాడుకున్నడు. చుట్టుపక్కల తండాలన్నీ అడివి అంచున ఉంటయి. మక్క కంకి పాలు పోసుకునే యాల్లకు పందులు మందలు మందలుగ దిగి చేను చేనంత తొక్కి పోతయి. కొందరు కడుపుమంటకు స్తంభం మీదికెళ్లి కరెంటు గుంజి తీగెలకు పెట్టేటోళ్లు. పంది సచ్చేది. ఒక్కోసారి మనిషి సచ్చేటోడు. ఆ సావులు చూడలేకనే కుమారస్వామి ఝట్కా మిషన్లు చేసుడు మొదలువెట్టిండు.

చిన్న డబ్బ, లోపల బ్యాటరీ, దానికి ఒక సోలార్ పలక. చేను చుట్టు తీగెలకు తగిలిస్తే చాలు, ముట్టుకున్న జంతువును ఒక్క దెబ్బ అదరగొట్టి వదిలేస్తది. పంది సావది, బతికి పారిపోతది. కల్లూరు, తల్లాడ దాక పేరు పాకింది. దుకాణం లేదు, బిల్లు లేదు, లైసెన్సు లేదు. ఎవలన్న అడిగితే "ఇది యాపారం కాదుర బాబు, నా సరదా" అని నవ్వేటోడు. సామాన్ల ఖర్చు మీద ఎంతో కొంత తీసుకునేటోడు గని, ఆయనకు కావాల్సింది పైసలు కాదు. "కుమారన్న మిషన్ ఉండంగ మాకేం భయం" అన్న మాట చెవుల పడితే ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేటోడు.

భీమ్లా, సోమ్లి మొగుడుపెళ్లాలు. వాళ్ల మక్కచేను అడివికి ఆనుకొనే ఉంటది. వాళ్లూ ఒక మిషన్ తీసుకున్నరు. చేన్ల పెడితే దొంగలు ఎత్తుకపోతరని సాయంత్రం కట్టి, పొద్దున్నే విప్పి ఇంటికి తెచ్చుడు సోమ్లి పని. వారం తిరగకముందే డబ్బ తీస్కొని కుమారస్వామి ఇంటికొచ్చింది.

"ఓ కుమారన్నా, ఇది మిషనా, గుండురాయా? నెత్తి మీద బిందె, సంకల పిల్ల, చేతిల ఇదొకటి. నువ్వు మొయ్యి రెండు రోజులు, తెలుస్తది నీకు!"

సోమ్లి నవ్వుకుంటనే అన్నది గని ఆయనకు మనసున పట్టింది. అవ్ మరి, మోసేది ఆడోళ్లాయె. బరువంత ఎక్కడున్నదని చూసిండు. ముసురు రోజుల్ల ఎండ లేకపోతే ఇంటి కరెంటు తోటి చార్జింగ్ చేసుకునేటందుకు లోపల చార్జరొకటి పెట్టిండు. దాంట్ల ఉన్న ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌దే సగం బరువు. దాన్ని పీకేసి, అగ్గిపెట్టెంత చార్జర్ కార్డు బిగించిండు.

ఇగ చూడుండ్రి తెలివి! ఆ ఇనుప ముద్ద బరువు కోసం పెట్టింది కాదు. ఇంటి కరెంటు బ్యాటరీ దిక్కు రాకుండ నడుమ గోడ లెక్క నిలబడేది అదే. అది లేకపోతే, కంచెకు కట్టి ఉన్నప్పుడు చార్జింగ్ పెడితే ఇంటి కరెంటే సక్కగ తీగెలకు పోతది. ముప్పై నాలుగేండ్ల ఎలక్ట్రీషియన్‌కు ఇది తెల్వదా? తెలుసు! తెలిసే పీకిండు. 'కంచె తీగె విప్పినంకనే చార్జింగ్ పెట్టాలె, గంతే కద, చెప్తే సరిపాయె' అనుకున్నడు. డబ్బ మీద రాయాలనీ అనుకున్నడు, రాయలే. అట్లాంటివే ఇంకో ఆరు చేసి ఇచ్చిండు.

ఆగస్టుల ముసురు పట్టింది. తొమ్మిది రోజులు పొద్దు మొఖం కనవడలే. బ్యాటరీ దిగిపోయింది. ఇంటికి తెచ్చి చార్జింగ్ పెడితే ఆ పూటకే పందులు దిగుతయని, భీమ్లా మోటరు షెడ్డుకెళ్లి వైరు గుంజి, చేన్లనే, కంచెకు కట్టి ఉండంగనే మిషన్‌కు చార్జింగ్ పెట్టి ఇంటికి పోయిండు. తెల్లారి సోమ్లి ఎప్పటి లెక్కనే డబ్బ విప్పుదామని తీగె మీద చెయ్యేసింది. మల్ల లేవలే.

పోలీసులొచ్చిండ్రు, మోటరు షెడ్డు నుంచి వచ్చిన వైరు చూసిండ్రు. పందుల కోసం తీగెలకు కరెంటు పెట్టిండన్నరు. భీమ్లా కాదనలే. "నేనే సంపుకున్న, నా పెండ్లాన్ని నేనే సంపుకున్న" అని తల కొట్టుకున్నడు. డబ్బను సీలేసి తీస్కపోయిండ్రు. పదకొండో రోజు దినాలు అయినంక అరెస్టు చేస్తమని, అప్పటిదాక రోజూ స్టేషన్‌కు రమ్మని ఎస్సై చెప్పిండు.

సావుకాడ కుమారస్వామి ఒక మూలకు నిలబడ్డడు. "పాపం, నువ్వు మంచి మిషనే ఇస్తివి. ఆడే ఆగం చేసుకున్నడు" అన్నరు తండా పెద్దలు. మర్నాడు ఆటో మాట్లాడుకొని ఊరూరు తిరిగి మిగిలిన ఆరు డబ్బలూ వాపస్ తెచ్చుకున్నడు. బ్యాటరీ మారుస్త అని చెప్పిండు. ఎంత మంచోడివన్నా అని ప్రతి ఇంట్ల చాయ్ పోసిండ్రు. ఆ చాయ్ సగంల వదిలి డబ్బ పట్టుకొని బయటపడ్డడు.

కొత్తగూడెంల లాయర్ హైమ ఆయన దోస్తు బిడ్డ. ఆమె దగ్గరికి పోయి దాచకుండ అంత చెప్పిండు.

"బిల్లు ఇచ్చిండ్రా అంకుల్?"

"లేదు బిడ్డా. సరదాకు చేసేది కద."

"చట్టానికి సరదా తెల్వదు. ఇంట్ల చేసినా ఫ్యాక్టరీల చేసినా, చేసి అమ్మినోళ్లదే జవాబుదారి. డబ్బ మీద హెచ్చరిక ఏమన్న రాసిండ్రా?"

"నోటితోటి చెప్పిన."

"విన్నదెవరు?"

కుమారస్వామి తల వంచుకున్నడు. "సోమ్లి."

హైమ మెల్లగ చెప్పింది. "డబ్బ పరీక్షకు పోయింది. ఆ రిపోర్టు ఎప్పుడొస్తదో, దాంట్ల ఏం రాస్తరో ఎవరికీ తెల్వదు. మీరే పోయి చెప్తే మాత్రం కేసు మీ మీదికొస్తది. జైలు కావచ్చు, నష్టపరిహారం కావచ్చు. లాయర్‌గ అయితే ఊకోమనే చెప్త."

ఇంటికొస్తే శోభారాణిదీ అదే మాట. "నిన్నెవలన్న అడిగిండ్రా? నువ్వు చెప్తే ఆమె లేచొస్తదా? ఈ వయసుల జైలు కూడు తింటవా?" అనుకుంటనే కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. ఆమెదీ తప్పు కాదు, భయం.

ఆయన ఒక్క మాట పట్టుకొని రోజులు ఎల్లదీసిండు. చెప్పిన. నేనైతే చెప్పిన. విననిది వాళ్లు. అన్నం ముందట కూసున్నా అదే, మంచం ఎక్కినా అదే.

దినాలైన తెల్లారి ఇంట్ల ఉండలేక స్టేషన్‌కు పోయిండు. భీమ్లాను ఒకసారి చూసొస్త అని శోభారాణికి చెప్పిండు. అంతకుమించి ఆయన మనసుల ఏమీ లేదు. వరండాల బల్ల మీద భీమ్లా ఒక్కడే కూసున్నడు. నున్నగ గొరిగిన గుండు, లోపలికి పోయిన కండ్లు. కుమారస్వామిని చూసి జరిగి పక్కన జాగ ఇచ్చిండు.

"సూసి పోదామని వచ్చినవా అన్నా? నువ్వొక్కడివే వచ్చినవ్." చేతులు పట్టుకున్నడు. "కంచెకు కట్టి ఉండంగ చార్జింగ్ పెట్టొద్దని నువ్వు చెప్పే ఉంటవు. అంత మంచి చెడ్డ తెలిసినోడివి, చెప్పకుండ ఉంటవా? నేనే మర్చిపోయిన. నా మట్టిబుర్రల ఏదీ ఉండదు."

తేలిక చేసిన డబ్బ సోమ్లికిచ్చిన రోజు కుమారస్వామి కండ్ల ముందటికొచ్చింది. డబ్బ చేతికిచ్చిండు. సోమ్లి దాన్ని ఒక్క చేతితోటి పైకెత్తి "గిట్లుండాలె!" అని నవ్వింది. ఆ నవ్వు చూసి తను మురిసిపోయిండు. చాయ్ తాగి పొమ్మన్నడు. గంతే. ఇంకో మాట లేదు. మిగిలిన ఆరుగురికీ చెప్పిండు గని ఆ ఒక్కరికి చెప్పలే; చెప్పిన అనే ఇన్ని రోజులు తనను తాను నమ్మించుకున్నడు.

"లేదు భీమ్లా" అన్నడు. "నేను చెప్పలే. నీకూ చెప్పలే, సోమ్లికీ చెప్పలే. ఇనుప ముద్ద పీకేసింది నేను. అది ఉంటే నువ్వు పెట్టిన వైరుకు ఏం కాకపోతుండె. మామూలు చార్జింగే అయితుండె."

భీమ్లాకు సమజ్ కాలే. కుమారస్వామి మల్ల చెప్పిండు, చిన్నపిల్లగానికి చెప్పినట్టు, ఒక్కొక్కటి.

"అంటే..." భీమ్లా ఆయన దిక్కు తిరిగిండు. "నేను సంపలేదా అన్నా?"

"లేదు బిడ్డా. నేను."

పదకొండు రోజుల్ల కంట్లకెళ్లి చుక్క రాలనోడు భోరుమన్నడు. ఎస్సై లోపలి నుంచి ఉరికొచ్చిండు. కుమారస్వామి లేచి నిలబడి అదే మాట ఆయనకూ చెప్పిండు. ఎస్సై ఎగాదిగ చూసి, "కూసోండ్రి, రాసుకోవాలె" అని కాగితాల కోసం లోపలికి పోయిండు.

కుమారస్వామి బల్ల మీద కూసున్నడు. ఇద్దరికీ సరిపోయేంత జాగ ఉన్నది. భీమ్లా కండ్లు తుడుచుకొని, లేచి, పోయి అవతలి గోడకు ఆనుకొని నిలబడ్డడు.