గడ్డి వేళ్లు పట్టేదాకా

మా అపార్ట్‌మెంట్ మైత్రీవనం వెనక సందులో ఉంది. మాది కింది ఇల్లు. వెనక రెండు మంచాలు పడేంత మట్టి నేల ఉంటే, కిందటి వేసవిలో దాని మీద గడ్డి వేయించాను. తాగడానికే నీళ్లు లేని రోజుల్లో లాన్ ఏమిటని అందరూ నవ్వారు. నవ్వరూ మరి! వాళ్ల మొగుళ్లు పంజగుట్ట సిగ్నల్ దగ్గర స్కూటర్ మీంచి పడలేదుగా.

మా ఆయన పడ్డారు. తొడ ఎముకలో కడ్డీ వేశారు. అతుక్కుంది, ఇక వాకర్‌తో నడవాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుందన్నారు డాక్టర్‌గారు. ఈయన వాకర్ ముట్టుకుంటే కదా! టైల్స్ మీద జారతానని భయం. నన్ను పట్టుకుని కిటికీ పక్క కుర్చీదాకా రావడం, కూర్చోవడం, అంతే. గడ్డి మీదైతే నడుస్తానన్నారు. అందుకే నర్సరీ నుంచి గడ్డి ముక్కలు తెప్పించి పక్కపక్కనే వేయించాను. వేళ్లు పట్టేదాకా మట్టి ఆరకూడదు, ఎవరూ తొక్కకూడదు అని నర్సరీ అతను చెబుతుంటే ఈయన కిటికీలోంచి విన్నారు.

"అది బతికితే నేనూ నడుస్తానే," అన్నారు.

పోయిపోయి మొగుడి కాలిని గడ్డితో ముడిపెట్టానా అనుకున్నాను.

గడ్డి వేసిన వారానికే బోరు ఎండింది. ట్యాంకర్ నీళ్లు మొక్కలకు పోయకూడదని అపార్ట్‌మెంట్‌లో కట్టుబాటు. అందుకని మంచినీళ్ల ఫిల్టర్ పైపులోంచి వృథాగా పోయే నీళ్లు పట్టడం మొదలుపెట్టాను. మా ఒక్క ఇంటివి చాలక ప్రతి తలుపూ కొట్టి అడిగాను. అప్పుడు నవ్విన వాళ్లే, పాపం, ఫిల్టర్ కింద బకెట్ పెట్టి, నిండగానే మా గుమ్మం ముందు దించేవారు. రెండు పూటలా పోశాను. అయినా గడ్డి అంచులు పసుపెక్కాయి. ఎండదెబ్బ అనుకుని ఇంకా పోశాను. పోసినకొద్దీ ఎండింది.

రోజూ పొద్దున్నే ఆయన లేవకముందే వెళ్లి చూసొచ్చి కర్టెన్ లాగేసేదాన్ని.

"ఎలా ఉంది?" అనేవారు.

"ఎండ కొడుతోందండీ, తర్వాత తీస్తాలెండి."

తేలు కుట్టిన దొంగలా ఇల్లంతా తిరిగేదాన్ని.

కూతురి పురిటికని వెళ్లిన పై ఇంటి అక్క అప్పుడే తిరిగొచ్చింది. బాల్కనీలోంచి వంగి చూసింది.

"గిదేంది చెల్లె, మట్టి గింత తెల్లగైంది? ఫిల్టర్ నీళ్లు పోస్తున్నవా?"

"అవునక్కా."

"అయ్యో! గా నీళ్లల్లనే ఉప్పంతా ఉంటది. మా మల్లెచెట్టు సుత గట్లనే సచ్చింది. పక్క హాస్టల్ ఏసీల నీళ్లు వట్టు, వాటిల్ల ఉప్పుండదు."

మట్టి వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పే. అక్కడే కూలబడి ఏడ్చాను. కాసేపటికి లేచి, మా పెరటిని ఆనుకుని ఉన్న కోచింగ్ పిల్లల హాస్టల్ గోడకు కారుతున్న ఏసీల కింద బకెట్లు పెట్టాను. ఆ నీళ్లు ఎన్ని పోసినా మిగతాదంతా ఎండిపోయింది, మధ్యలో చేటంత ముక్క మాత్రం పచ్చగా మిగిలింది.

ఓ పొద్దున లేచేసరికి పక్కన ఆయన లేరు. కర్టెన్ తీసి ఉంది. మూల ఉండాల్సిన వాకర్ లేదు. వెనక తలుపు దగ్గరికి పరుగెత్తాను. ఆయన వాకర్ పట్టుకుని ఎండిన గడ్డి మీద అడుగులేస్తున్నారు, పచ్చని ముక్కను తొక్కకుండా చుట్టూ తిరిగి. కేక నోటిదాకా వచ్చింది. బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదనేది మా అమ్మ. శకునం సంగతి దేవుడెరుగు, పిలిస్తే ఈయన తిరుగుతారు, తిరిగితే పడతారు. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఏసీ కింద బకెట్ దగ్గర ఆగారు.

"వెనకే ఉన్నావా?" అన్నారు, తిరక్కుండానే.

"ఉన్నానండీ."

"గడ్డి పోయిందని నాకెప్పుడో తెలుసు. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు కర్టెన్ తీసి చూసేవాణ్ణి. రోజూ అది వేసి, నా మొహం చూడకుండా బకెట్లు మోసుకుంటూ తిరుగుతున్నావు. ఇంకా గడ్డి కోసం ఆగితే నువ్వు పడిపోయేలా ఉన్నావు."

"లోపలికి రండి, మీ కాళ్లు వణుకుతున్నాయి."

"వణకనీ."

పచ్చని ముక్కకేసి చూసి, ఒక చెయ్యి వాకర్ మీంచి తీసి, బకెట్‌లోని మగ్గు కోసం వంగారు. పట్టుకోబోయి ఆగాను. కళ్లు మాత్రం మూసుకోలేదు.